సంత ముగిశాక ఏరిన కూరలు

అక్టోబర్ 6, శనివారం

డోమ్నా ఇవాళ నా టికెట్ కౌంటర్ దగ్గరికి వచ్చింది. థాసోస్ దీవికి వెళ్లే ఫెర్రీకి టికెట్ కావాలేమో అనుకున్నాను. కాదట. క్యూ ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడి, తర్వాత అద్దం కంతకి మొహం ఆనించి మెల్లగా చెప్పింది. మీ అత్తగారు ప్రతి శనివారం సంత ఎత్తేసే వేళకి వస్తోందమ్మా, బల్లల కింద పడ్డవి ఏరుకుంటోంది, మంచివి ఇవ్వబోతే తీసుకోదు, మేమంతా చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాం, నీకు తెలుసో లేదో అని వచ్చా అంది.

నాకు తెలీదు.

డోమ్నా ఆకుకూరలు అమ్ముతుంది. ఆవిడ బల్ల పక్కనే మా ఆయన స్ట్రాటోస్ కూరగాయల బల్ల ఉండేది. స్ట్రాటోస్ పోయింది జూన్‌లో. ఆ చోటు ఇప్పుడు తేనె అమ్మేవాళ్లెవరికో ఇచ్చారట.

థాంక్స్ చెప్పాను. చెవులు కాలిపోయాయి. ఆ తర్వాత వచ్చిన మొగుడూ పెళ్లాలకి ఇద్దరికి బదులు ముగ్గురికి టికెట్ కొట్టాను. వాళ్లే తప్పు చూపించారు.

అదే రోజు, సాయంత్రం

ఇంటికి వెళ్లగానే అడిగేశాను. వంటింటి బల్ల మీద రెండు మెత్తబడ్డ వంకాయలు, నలిగిన జుకినీ కాయ ఒకటి, పగిలిన టమాటాలు, కాస్త వడిలిన బీన్స్. ఆవిడ కత్తి పట్టుకుని మచ్చలు తీస్తోంది. ఇవెక్కడివి అత్తయ్యా అన్నాను. సంతవి అంది. కొన్నారా అన్నాను. కొనడమేంటే అంది.

నేను చాలా మాటలన్నాను. నేను ఉద్యోగం చేస్తున్నాను కదా, ఇంట్లో ఏం తక్కువైందని, ఊళ్లో అందరూ కోడలు తిండి పెట్టట్లేదు అనుకోరా, స్ట్రాటోస్ బల్ల పెట్టిన చోటే మీరు నేల మీద ఏరుకుంటుంటే తన పరువేం కావాలి. ఆవిడ కత్తి ఆపలేదు. నేను అలసిపోయాక మాట్లాడింది.

ఈ ఇంట్లోకి బాగున్న కూరగాయ ఎప్పుడూ రాలేదే అమ్మాయ్ అంది. బాగున్నవి అమ్ముడుపోతాయి. మచ్చవి, వంకరవి, మెత్తవి మనకొస్తాయి. మీ మామయ్య బల్ల పెట్టిన నాటినుంచీ అంతే, ఆ తర్వాత వీడు. మంచి వంకాయ తెచ్చి నా చేతిలో పెడితే దాన్నేం చెయ్యాలో నాకు తెలీదు అంది.

వేళాకోళం ఆడుతోందనుకుని మొహం చూశాను. కాదు. నిజంగానే భయపడుతోంది.

అక్టోబర్ 7, ఆదివారం

మధ్యాహ్నం ఆ కూరలన్నీ కలిపి తుర్లూ చేసింది. బాగుంది. చెప్పలేదు.

అక్టోబర్ 13, శనివారం

సూపర్‌మార్కెట్‌కి వెళ్లి మంచి కూరగాయలు తెచ్చాను. నిగనిగలాడే వంకాయలు, ఒకే సైజు బంగాళాదుంపలు, మచ్చ లేని క్యాప్సికం. ఫ్రిజ్‌లో పెట్టాను. ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసి ఎవరో కొత్త చుట్టాలు వచ్చి కూర్చున్నట్టు వాటిని చూసింది. మూసేసింది. నల్లకోటు వేసుకుని సంచీ తీసుకుని సంతకి వెళ్లిపోయింది.

నేను ఆపలేదు. ఆపితే ఏం చేస్తుంది. బాల్కనీలో కూర్చుని సముద్రం వైపు చూస్తుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అదే చేసింది.

అక్టోబర్ 18, గురువారం

నేను తెచ్చిన వంకాయలు ముడతలు పడ్డాయి. ఇవాళ వండింది. ఇప్పుడు దారికొచ్చాయి అంది.

నవ్వొచ్చింది. జూన్ తర్వాత మొదటిసారి. ఆవిడ చూడకుండా నవ్వాను.

అక్టోబర్ 25, గురువారం

రోజూ చూస్తున్నాను ఈమధ్య. పద్నాలుగేళ్లు ఆ వంటింట్లో నన్ను గరిటె ముట్టనివ్వలేదు, నేనూ ముట్టాలనుకోలేదు. ఇప్పుడు గుమ్మంలో నిలబడి చూస్తున్నా. పొమ్మనట్లేదు.

ఏదీ పారెయ్యదు. కాలీఫ్లవర్ పువ్వు ఒకరోజు, దాని చుట్టూ ఉన్న ముదురాకులు ఇంకోరోజు. ఆ ఆకుల ఈనెలు సన్నగా తరిగి వెల్లుల్లితో వేయిస్తుంది. బీట్‌రూట్ దుంప ఉడికించి, ఆకులు విడిగా ఉడికించి నిమ్మకాయ పిండుతుంది. ఉల్లికాడల పచ్చటి కొసలు పిండి రేకులో చుట్టి ఓవెన్‌లో కాలుస్తుంది. ఏ పేరూ పెట్టలేనివన్నీ తుర్లూలోకి పోతాయి. ఒక ట్రేలో అన్నీ కలిపి, ఆలివ్ నూనె ధారాళంగా పోసి, ఓవెన్‌లో ఏది ఏదో తెలియకుండా కలిసిపోయేదాకా ఉంచుతుంది. ఎంతసేపు పెట్టాలి అంటే, వాటి కోపం పోయేదాకా అంది.

ముగ్గురికి వండుతోంది. మాకిద్దరికీ పెట్టాక మూడో వాటా చిన్న ఇత్తడిరంగు గిన్నెలో తీసి మూతపెడుతుంది. సాయంత్రానికి ఆ గిన్నె కడిగి బోర్లించి ఉంటుంది. అది ఎవరికి అని అడిగాను. పిల్లికి అంది.

ఏ పిల్లి నిమ్మకాయ పిండిన బీట్‌రూట్ ఆకులు తింటుంది. స్మశానానికి తీసుకెళ్తోందేమో అనుకున్నాను. కొడుకు సమాధి దగ్గర పెట్టి వస్తోందేమో. ఇంక అడగబుద్ధి కాలేదు.

నవంబర్ 8, గురువారం, మధ్యాహ్నం మూడు

 వెంటనే రాస్తున్నాను.

గాలి ఎక్కువై ఫెర్రీలు ఆపేశారు. కౌంటర్ మూసి తొందరగా బయల్దేరాను. పాత నీటికాలువ రాతి కమానుల దగ్గర మా అత్తగారు కనబడింది. తువ్వాలు చుట్టిన గిన్నె గుండెకి ఆనించుకుని పాతబస్తీ మెట్లు ఎక్కుతోంది. స్మశానం అటు కాదు. వెనకాలే వెళ్లాను. గాలికి ఆవిడ కోటు ఎగిరిపోతోంది, గిన్నె మాత్రం కదల్లేదు.

పాంటెలిస్ ఇంటి ముందు ఆగింది.

పాంటెలిస్ స్ట్రాటోస్ పార్ట్‌నర్. ఇద్దరూ కలిసి థెస్సలోనీకి హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్లి సరుకు తెచ్చేవాళ్లు. ఆ రోజు తెల్లారుజామున తిరిగొస్తుంటే వ్యాన్ నడుపుతున్నది పాంటెలిస్. నిద్రపోయాడు. వ్యాన్ స్ట్రాటోస్ కూర్చున్న వైపునుంచి రెయిలింగ్‌కి గుద్దుకుంది. పాంటెలిస్‌కి తుంటి విరిగింది. కేస్ నడుస్తోంది. వాడి పెళ్లాం కూతుర్ని తీసుకుని ద్రామా ఊళ్లో పుట్టింటికి వెళ్లిపోయింది.

వాడు కర్రల మీద వచ్చి తలుపు తీశాడు. ఆవిడ రోజూ వచ్చే ఇంట్లోకి వెళ్లినట్టు లోపలికి వెళ్లింది. కిటికీ వీధిలోకే. చూశాను. వాడు తింటున్నాడు. ఆవిడ ఎదురుగా కూర్చుంది, ఒళ్లో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని, కోటు కూడా విప్పకుండా, వాడి నోటివైపే చూస్తూ.

అదే రోజు, ఆరు గంటలకి

అడిగాను. గట్టిగానే. కింద ఫ్లాట్‌కి వినబడే ఉంటుంది.

ఎవరికి పెడుతున్నారో తెలుస్తోందా మీకు అన్నాను. తెలుసు, కళ్లు పోలేదు నాకు అంది. మీ కొడుకుని చంపినవాడు అన్నాను. అవును, వాడే అంది. క్షమించేశారా అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది అప్పుడు. ఎవడు క్షమించాడే, వాడు నమిలే చప్పుడు వింటే పీక నొక్కాలనిపిస్తుంది అంది. మరెందుకు వెళ్తున్నారు అన్నాను.

నీకు చెప్పేది కాదు అంది.

వాడు జైలుకి వెళ్లాలని నేను లాయర్ చుట్టూ తిరుగుతుంటే, నా ఇంటి పొయ్యి మీద వాడికి వంట.

నవంబర్ 9, శుక్రవారం

 నా వాటా ఫ్రిజ్‌లో ఉంది. తినలేదు.

నవంబర్ 10, శనివారం

తిన్నాను.

నవంబర్ 11, ఆదివారం

ఆవిడే చెప్పింది. కాలీఫ్లవర్ ఈనెలు తరుగుతూ, నా వైపు చూడకుండా.

మొదట సెప్టెంబర్‌లో పాంటెలిస్ ఇంటికి వెళ్లిందట, తిట్టడానికి. ఏమేం అనాలో మెట్లు ఎక్కుతూ అన్నీ అనుకుందట. వాడు తలుపు తీసి, ఈవిడ నోరు తెరిచేలోపే, పిన్నీ, వాడు ఆ రోజు మీ గురించే మాట్లాడాడు అన్నాడట.  ఏమన్నాడు అని అడిగింది. వాడికి నిలబడే ఓపిక లేదట, గోడ పట్టుకుని జారిపోతున్నాడట, ఎన్నాళ్లనుంచి తిన్లేదో. చెప్పకుండా చచ్చిపోతాడేమో అని భయమేసింది అంది. మెట్లు దిగి ఇంటికి వచ్చింది. ఇంట్లో ఏమీ లేవు. ఆ రోజు శనివారం, సంత ఎత్తేస్తున్నారు. వెళ్లి దొరికినవి ఏరుకొచ్చి వండి పట్టుకెళ్లింది.

తిన్నాక చెప్పాడు.

ఏం చెప్పాడు అత్తయ్యా అన్నాను. 

అమ్మకి మోకాళ్ల నొప్పులు, పై అంతస్తు ఫ్లాట్ మార్చేద్దామనుకుంటున్నా అన్నాడట స్ట్రాటోస్.

మర్నాడు మళ్లీ వెళ్లిందట, ఇంకేమన్నాడు అని. ఇంకోటి చెప్పాడు. అప్పట్నుంచి అంతే. ఊరికే చెప్పమంటే వాడికి గుర్తురాదే, నాలుగు ముద్దలు లోపలికి పోతేగానీ వాడి నోరు లేవదు అంది.

నవంబర్ 18, ఆదివారం

నేను అడగను. గిన్నె కడుగుతున్నట్టు సింక్ దగ్గర నిలబడతాను. ఆవిడ కోటు విప్పి, చెప్పులు విప్పి, నీళ్లు తాగి, అప్పుడు చెబుతుంది.

ఇవాళ్టిది: దారిలో అస్ప్రోవాల్టా దగ్గర కాఫీకి ఆపమని స్ట్రాటోస్ అన్నాడట, పాంటెలిస్ ఆపలేదట. ఎండెక్కితే సరుకు వడిలిపోతుందని.

ఆపి ఉంటే అని ఇద్దరం మనసులోనే అనుకున్నాం. 

నవంబర్ 29, గురువారం

క్రిస్మస్ ముందు ఉపవాసాల నెల. మాంసం లేదు, చీజ్ లేదు. మా ఇంట్లో ఏ తేడా తెలీదు.

ఇవాళ ఆవిడ ఆలస్యంగా వచ్చింది. కోటు విప్పకుండానే చెప్పింది. ఈసారి నీ గురించే అంది.

ఆంథి నవ్వి చాలా రోజులైంది, ఈ శనివారం బల్ల పెట్టకుండా తనని ఫెర్రీ ఎక్కించి థాసోస్ తీసుకెళ్తా, రోజూ అందరికీ టికెట్లు కొడుతుంది, తను ఎక్కి ఎన్నేళ్లయిందో అన్నాడట.

బాత్రూంలోకి వెళ్లి ట్యాప్ తిప్పి ఏడ్చాను.

నవంబర్ 30, శుక్రవారం

అన్నాడా? నిజంగా అన్నాడా?

డిసెంబర్ 12, బుధవారం

నాకు నిద్ర పట్టడంలేదు. పగలు కౌంటర్‌లో ఫెర్రీ ఎక్కేవాళ్లని చూస్తుంటే అదే మాట. స్ట్రాటోస్ మంచివాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ నేను నవ్వుతున్నానా లేదా అని చూసే మనిషి కాదు. శనివారం బల్ల మానేసే మనిషి అసలే కాదు. లేక చివరికొచ్చేసరికి మారాడేమో. నాకు చెప్పలేక స్నేహితుడికి చెప్పాడేమో. మగవాళ్లు అంతే కదా.

నిన్న ఆవిడ తెచ్చిన మాట: వ్యాన్‌లో పాట పాడుతూ వచ్చాడట.

స్ట్రాటోస్ చర్చిలో కూడా పెదవులు కదిపేవాడు కాదు. ఆవిడకి తెలీదా? ఆవిడ కన్న కొడుకు. మొహం చూశాను. ఏమీ కనబడలేదు. ఏ పాట అని నేనడిగితే, ఏదో పాతది అంది. గబగబా క్యారెట్లు తురిమింది.

డిసెంబర్ 19, బుధవారం

లాయర్‌ని కలిశాను. కేస్ ఫిబ్రవరిలో వస్తుంది. ఒక మాట అడిగించాలి సార్ అన్నాను. కోర్టులో, ప్రమాణం చేయించాక, దారిలో స్ట్రాటోస్ ఏం మాట్లాడాడో పాంటెలిస్‌ని అడగండి అన్నాను. దేనికి అన్నాడు. తెలుసుకోవాలి అన్నాను. అడగడంలో తప్పులేదు, మాట్లాడుకుంటూ వచ్చారంటే నిద్ర ఎలా పట్టిందో కూడా వాడే చెప్పుకోవాలి, మనకే మంచిది అన్నాడు.

మనకి మంచిదో కాదో నాకక్కర్లేదు. థాసోస్ సంగతి నిజమో కాదో కావాలి.

ఇంట్లో చెప్పలేదు.

జనవరి 15, మంగళవారం

చలి. సంతలో మంచు తగిలిన క్యాబేజీలు వదిలేసి పోతున్నారట. అత్తగారికి పండగ. రేకులు విడదీసి, మిగిలిన అన్నం లోపల పెట్టి చుట్టింది. చుట్టడానికి పనికిరాని చిరిగిన రేకులు గిన్నె అడుగున పరిచింది. ఈసారి నాకూ ఒక కుప్ప ఇచ్చి చుట్టమంది. నేను చుట్టినవి విడిపోయాయి. వీటిని చూస్తే నీ పెళ్లినాటి జడ గుర్తొస్తోంది అంది. పద్నాలుగేళ్లు దాచుకున్న ఎత్తిపొడుపు.

సరదాగా గడిచింది. ఇద్దరం మాట్లాడుకుంటూ ఉంటే ఆ గిన్నె తీసుకెళ్లే వేళ దాటిపోయిందని కూడా చూసుకోలేదు. ఆవిడ గభాల్న లేచి, అయ్యో వాడు ఎదురుచూస్తుంటాడు అంది. అనేసి, తనే ఆగిపోయింది. ఆ మాట ఎలా వచ్చిందో అన్నట్టు. తర్వాత గిన్నె చుట్టుకుని వెళ్లింది.

ఫిబ్రవరి 13, బుధవారం

కోర్టు.

అత్తగారు నా పక్కన కూర్చుంది. పాంటెలిస్ ఒంటికర్ర మీద వచ్చాడు. కాస్త ఒళ్లు చేశాడు. మా ఇంటి తిండి.

చెప్పాల్సింది తిన్నగానే చెప్పాడు. రాత్రంతా సరుకు ఎత్తాం, అలసిపోయాను, ఆపి పడుకోవాల్సింది, ఆపలేదు, నిద్రపట్టేసింది, తప్పు నాదే అన్నాడు. లాయర్ లేచాడు. దారిలో చనిపోయిన వ్యక్తి ఏం మాట్లాడాడో చెప్పండి అన్నాడు.

పాంటెలిస్ మా వైపు చూశాడు. నా వైపు కాదు, ఆవిడ వైపు. జడ్జి చెప్పమంది.

ఏమీ మాట్లాడలేదండి అన్నాడు. థెస్సలోనీకి దాటకముందే నిద్రపోయాడు. కిటికీకి తల ఆనించి. వాడు పడుకున్నాడు కదా అని నేను రేడియో కూడా పెట్టలేదు. వాడికి ఏమీ తెలిసి ఉండదు. లేవనే లేదు అన్నాడు.

కాఫీ లేదు. పాట లేదు. మోకాళ్లు లేవు. థాసోస్ లేదు.

నేను ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. హ్యాండ్‌బ్యాగ్ రెండు చేతుల్తో పట్టుకుని ఉంది.

శిక్ష వేశారు. జైలుకి వెళ్లక్కర్లేని శిక్ష. లైసెన్స్ తీసేసుకున్నారు. నాకు ఏమీ అనిపించలేదు.

బస్‌లో చెప్పింది. నాకు తెలుసే అంది. ఎప్పట్నుంచి అన్నాను. మొదట్నుంచీ అంది. వాడు పుట్టి పెరిగాక ఒక్కనాడైనా నా మోకాళ్ల గురించి అడిగాడా. పెట్టింది తిన్నాడు, పడుకున్నాడు. మా నాన్న అంతే, మీ మామయ్య అంతే. పాటట, పాట. నా కొడుకు నాకు తెలీదా.

మరి ఎందుకు వింటూ వచ్చారు అన్నాను.

వినడానికి ఏమైందే అంది. రోజూ ఒక పూట నా కొడుకు నోరు తెరిచి ఏదో ఒకటి అంటున్నట్టు ఉండేది. బతికుండగా అననివి. నువ్వు లాయర్‌తో అడిగించావు కదూ అంది.

అవునన్నాను.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. ఇప్పుడు పాంటెలిస్ ఎదురుగా కూర్చుని ఏం వినమంటావు నన్ను అంది. కోపంగా కూడా కాదు. దారి అడిగినట్టు అడిగింది.

ఫిబ్రవరి 14, గురువారం

ఇద్దరికే వండింది.

ఫిబ్రవరి 23, శనివారం

సంతకి వెళ్లలేదు. వారంనుంచి దగ్గు. మంచం మీదే ఉంది. ఆవిడ వెళ్లకపోతే ఇంట్లో ఏమీ లేవు. సూపర్‌మార్కెట్ తెరిచే ఉంది. నేను సంతకి వెళ్లాను, ఎత్తేసే వేళకి.

మొదటి ఉల్లికాడ దగ్గర వంగలేకపోయాను. ఎవరో నన్ను చూస్తున్నట్టు, అందరూ చూస్తున్నట్టు. చెప్పుతో దాన్ని కాస్త పక్కకి జరిపాను. ఆ తర్వాత వంగాను. తేనెవాళ్ల బల్ల కింద విరిగిన క్యారెట్లు దొరికాయి. క్యాబేజీ పై రేకులు. సగం సెలరీ కట్ట. డోమ్నా అటు తిరిగి డబ్బాలు సర్దుకుంటూ ఉంది. అక్కర్లేకపోయినా సర్దుతూ ఉంది.

ఇంటికి తెచ్చి మంచం పక్కన స్టూలు మీద పెట్టుకుని తరిగాను. మచ్చ ఉన్నంతవరకే కొయ్యవే, చెక్క చెక్కలు తీసేస్తున్నావు అంది. సూప్ చేశాను. ఎక్కువైంది. పాంటెలిస్‌కి ఇచ్చి రానా అన్నాను. నేనెందుకు అన్నానో తెలీదు.

వద్దు అంది.

మార్చి 2, శనివారం

డాక్టర్ వచ్చాడు. ఊపిరితిత్తులు అన్నాడు. హాస్పిటల్‌లో చేర్చాం. సూప్ వడగట్టి తీసుకెళ్లాను. రెండు చెంచాలు. ఉప్పు లేదు అని చేత్తో సైగ చేసింది. మాట రావడంలేదు.

మార్చి 5, మంగళవారం

ఆవిడకి నేను లాయర్ సంగతి చెప్పకుండా ఉండాల్సింది. అవునా అని అడిగితే కాదు అని ఉండాల్సింది. అబద్ధం ఒక్కటి చెప్పలేకపోయాను, పాంటెలిస్ రోజుకొకటి చెప్పాడు.

మార్చి 9, శనివారం

ఇవాళ పొద్దున్న పోయింది. నర్స్ ఫోన్ చేసేసరికి నేను ఆవిడకోసం క్యారెట్లు ఉడకబెడుతున్నా. స్టవ్ ఆపి వెళ్లాను.

మార్చి 11, సోమవారం

కొడుకు పక్కనే పెట్టాం. డోమ్నా, సంతవాళ్లంతా వచ్చారు. చేతులన్నీ మట్టి పట్టినవి. చర్చి గేటు బయట పాంటెలిస్ నిలబడ్డాడు, కర్ర పట్టుకుని. లోపలికి రాలేదు. నేను రమ్మనలేదు. తర్వాత ఆనవాయితీగా కాఫీ, బ్రాందీ, రస్కులు ఇస్తున్నప్పుడు ఒక కప్పు పట్టుకుని గేటు దాకా వెళ్లాను. అప్పటికి లేడు.

మార్చి 27, బుధవారం

కౌంటర్‌లో బిజీ.

ఏప్రిల్ 13, శనివారం

నలభై రోజుల ప్రార్థన అయింది, నలభయ్యో రోజు పనిరోజని ముందొచ్చిన శనివారమే చేయించాను. గోధుమలు ఉడికించి పంచదార కలిపి పంచాను. అందరూ వెళ్లిపోయాక సంత గుర్తొచ్చింది. వెళ్లాను. డోమ్నా ఈసారి అటు తిరగలేదు. ఏం అమ్మా బాగున్నావా అంది. బాగున్నా అన్నాను. సంచీ నింపుకున్నాను. బెండుబారిన ముల్లంగి, వాడిన మెంతికూరలాంటి ఆకేదో, బంగాళాదుంపలు, ముదిరిన బీన్స్.

ఒక్కదానికి ఎలా వండాలో నాకు తెలీదు. చూసింది ముగ్గురికి వండడమే. ట్రే నిండింది. ఓవెన్‌లో పెట్టి ఎంతసేపో తెలీక ముందు కూర్చున్నాను. బీన్స్ మెత్తబడలేదు, దుంపలు మాడాయి. తిన్నాను. ఇంకా రెండు వాటాలున్నాయి. పారెయ్యడానికి చెత్తడబ్బా మూత తీశాను. ట్రే వంచాను కూడా. చెయ్యి ఆగిపోయింది.

గిన్నెలోకి తీశాను. తువ్వాలు చుట్టాను.

మెట్లెక్కుతుంటే ఆయాసం. ఆవిడ ఎలా ఎక్కిందో రోజూ. పాంటెలిస్ తలుపు తీశాడు. చిక్కిపోయాడు మళ్లీ. గడ్డం పెరిగింది. ఒక్క క్షణం నన్ను గుర్తుపట్టలేదు, తర్వాత గిన్నెని గుర్తుపట్టాడు. నేను లోపలికి వెళ్లి బల్ల మీద పెట్టాను.

వదినా, నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు అన్నాడు. నిలబడే అన్నాడు.

తెలుసు, తిను అన్నాను.

తిన్నాడు. నేను వాడి నోటివైపు చూడలేదు. కిటికీలోంచి చూశాను. థాసోస్ కనబడుతుంది అక్కణ్ణుంచి. ఇంకా వాడంటే నాకు అసహ్యమే, అది పోలేదు. గోడమీద వాడి కూతురి ఫోటో ఉంది, ముందు పాలపళ్లు ఊడిన నవ్వుతో. మాడిన దుంపలు కూడా తిన్నాడు. బీన్స్ చాలాసేపు నమిలాడు.

గిన్నె నా చేతికిస్తూ అడిగాడు. పిన్ని ఆఖర్న నా గురించి ఏమన్నా అందా వదినా అన్నాడు.

పనుంది అని వచ్చేశాను.

ఏప్రిల్ 20, శనివారం

గిన్నె తీసుకెళ్తే పాంటెలిస్ మళ్లీ అడిగాడు. అంది అన్నాను. చెంచా ఆపేశాడు. ఏమంది అన్నాడు. వాడికి గిన్నె పట్టుకెళ్లట్లేదు, పస్తులుంటున్నాడేమో, ఒకసారి చూసిరా అంది అన్నాను.

ఆవిడ అలా అనలేదు.

గిన్నె అడుగుదాకా రొట్టెతో తుడుచుకుని తిన్నాడు. తలుపు దాకా వచ్చి, ఇంకేమైనా అందా అన్నాడు. చాలా అంది, రేపు చెబుతా అన్నాను.

మెట్లు దిగుతూ ఆలోచించడం మొదలుపెట్టాను.